ఏడో కాలమ్ వెడల్పు

జూన్ 11, మంగళవారం

సారిబెల్ అనే కొండ ఊళ్లోని నీటి పరిశీలన పోస్టులో మా ప్రోగ్రామ్ వాడకం మొదలై ఇవాళ్టికి వారం. ఇంతవరకు ఎవరూ ఫోన్ చేసి తిట్టలేదు. మా ఆఫీసులో దీన్నే పండగ అంటారు.

బిష్కెక్‌లో ఫ్యాన్ కింద కూచుని కొండల మీది నీళ్లు కొలిచే ఉద్యోగం నాది. కొలిచేది నేను కాదు, నా గ్రిడ్, అంటే ప్రోగ్రామ్‌లో కొలతలు పడే గళ్ల పట్టిక. నీళ్లు కొలిచే తొమ్మిది గేజీలు, తేదీ, గంట, వాన, ఎండ, సంతకం, మొత్తం పద్నాలుగు కాలమ్‌లు. అన్నీ ఒకే కాగితం మీద పట్టాలి. పట్టకపోతే సంతకం రెండో పేజీకి పోతుంది, దాని వెంట స్టాంపూ పోతుంది, స్టాంపు లేని మొదటి పేజీ చిత్తు కాగితం కింద లెక్క. అందుకని కాలమ్‌లకి ఉన్న కనీస వెడల్పు తీసేశాను. ఎవరికి కావలసినంత వాళ్లు నొక్కుకోండి అని.

ఇరుకు కాలమ్‌లో అంకె పట్టకపోతే మూడు చుక్కలు వచ్చేవి. స్టాంపు వేసే పెద్దమనిషి చుక్కలున్న కాగితం ముట్టనన్నాడు. ఏదో దాచినట్టుందట. చుక్కలు తీసేశాను. ప్రమాదం హద్దు దాటిన అంకె ఎర్రబడేది. ప్రింటులో ఎరుపు నల్లమచ్చలా పడుతోందన్నాడు. ఎరుపూ తీసేశాను. ఇప్పుడు పట్టని అంకె ఎడమ పక్క నుంచి చప్పుడు లేకుండా తెగిపోతుంది. ఎర్మెక్ చూసి, అక్కా, ఇప్పుడు నీట్‌గా ఉంది అన్నాడు. ఎర్మెక్ నా బాస్. నాకన్నా తొమ్మిదేళ్లు చిన్న. నీట్‌గా ఉంటే చాలు వాడికి.

జూన్ 12

నా కంప్యూటర్‌కి రోజూ సారిబెల్ నుంచి చిన్న చిన్న ప్యాకెట్లు వస్తాయి. పొద్దున ఎనిమిదికి వాళ్లు ప్రోగ్రామ్ తెరవగానే ఒకటి, ఆపైన గంటకొకటి, బటన్ నొక్కినా కాలమ్ కదిపినా వెంటనే ఇంకోటి, శాటిలైట్ డబ్బా మీదుగా. అందులో నీటి కొలతలుండవు. కొలతలు రహస్యం, స్టాంపు పడ్డ కాగితం మీదో జిల్లా రేడియోలోనో తప్ప గడప దాటకూడదు. నాకొచ్చేది ఆ కిటికీ చూడ్డానికి ఎలా ఉందన్నదే. ఏ కాలమ్ ఎన్ని పిక్సెల్స్ వెడల్పుంది, అందులో ఉన్నది పూర్తిగా కనబడాలంటే ఎన్ని కావాలి, ఏ బటన్ నొక్కారు. ఇంట్లోకి రానివ్వకుండా గుమ్మం కొలుచుకుని పొమ్మన్నట్టు.

తిరిగి నేను పంపగలిగేదీ అంతే. కాలమ్ పేర్లు, వెడల్పులు. అవి కూడా మర్నాడు ఎనిమిదికి ప్రోగ్రామ్ తెరిచినప్పుడే అంటుకుంటాయి.

జూన్ 13

ఏడో కాలమ్ 96 ఉండేది, 85 అయింది. మిగతావి ఎక్కడివక్కడే.

జూన్ 14

74.

జూన్ 17, సోమవారం

63. శని ఆదివారాలు ఊరుకుని ఇవాళ మళ్లీ తగ్గింది.

ఎర్మెక్‌కి చూపించా. బగ్ అక్కా, తెరిచి మూసినప్పుడల్లా రౌండింగ్‌లో తినేస్తోంది అన్నాడు, పల్లీలు నములుతూ. బగ్ అయితే పద్నాలుగు కాలమ్‌లనీ తినాలి కదరా, దీనికి ఏడోదే రుచిగా ఉందా అన్నాను. వాడికి కోపం వచ్చింది. రా అన్నందుకు, బగ్ గురించి కాదు.

నాకు ఇష్టం లేని సంగతేమిటంటే అది ఏడోదే కావడం. మిగతా ఎనిమిదీ వాగు ఎత్తూ మంచు మందమూ చెబుతాయి. ఏడోది వేరు. సారిబెల్ పైన మంచు కరిగి కట్టిన సరస్సుంది. దానికి గట్టు మనిషి కట్టింది కాదు, మంచు తోసుకొచ్చిన రాళ్లూ మట్టీ. ఆ గట్టు కింద నుంచి నీరు ఊరుతుంది. సెకనుకి ఎన్ని లీటర్లు ఊరుతోందో ఏడో గేజీ చెబుతుంది. నాలుగు, అయిదు అయితే గట్టు ఊపిరి తీసుకుంటున్నట్టు. పది దాటితే సైరన్ మోగించి, సారిబెల్‌లోని నూట నలభై ఇళ్ల వాళ్లూ కొండెక్కాలి.

జూన్ 18

పొద్దుట్నుంచి నాలుగింటిదాకా తెరిచా మూశా, తెరిచా మూశా. మూడు వందల సార్లు. ఒక్క పిక్సెల్ కదలలేదు. కాబట్టి బగ్ కాదు.

ఎవరో చేత్తో లాగుతున్నారు. రోజూ ప్రోగ్రామ్ తెరిచిన నాలుగో నిమిషంలో, ఒకసారి, పదీ పదకొండు పిక్సెల్స్. ఇవాళ 52.

జూన్ 19

41.

జిల్లా కేంద్రంలో మెలిస్ అన్నకి ఫోన్ చేశా. అక్కడ డ్యూటీ ఆఫీసరు. పోస్టు వాళ్లు రోజుకి రెండుసార్లు, పొద్దున ఎనిమిదికి, సాయంత్రం అయిదుకి, రేడియోలో కొలతలు చదువుతారు, ఈయన రాసుకుంటాడు. సారిబెల్‌కి ఫోన్ అందదు, కొండ అడ్డం. రేడియో ఒక్కటే దారి.

ఏమ్మా కంప్యూటరమ్మా, ఇవాళ నీ పెట్టెకి ఏం జబ్బు అన్నాడు. కాలమ్ ఇరుకవుతోందన్నా అన్నాను. మా ఆవిడ గౌన్లు కూడా ఇరుకవుతున్నాయి చెల్లెమ్మా, నేనెవరికి ఫోన్ చెయ్యను అన్నాడు. అయినా మంచివాడు. సాయంత్రం రేడియోలో అడిగి చెప్పాడు. పోస్టులో ఇప్పుడూ ఉండేది ఏప్రిల్‌లో నేను చూసిన ఇద్దరే, అక్మూర్ అనే కోడలు పిల్ల, ఆమె అత్త బురుల్ అమ్మ. మొగుడు గొర్రెలతో కనుమ అవతల మేతకి పోయాడు. కాలమ్ ఎందుకు లాగావే అంటే, అలా ఉంటేనే బావుంది అన్నా అందట. అంకె కనబడుతోందా అంటే, అంకె బానే కనబడుతోంది అందట.

అది నిజమే. ఏడో కాలమ్‌లో ఉన్నదానికి 26 పిక్సెల్స్ కావాలి. ఇంకా 41 ఉంది. నా అక్షరాల్లో అంకె ఒక్కింటికి 8, చుక్కకి 4, అంచులకి 6. అంటే రెండంకెలు, మధ్యలో చుక్క. నాలుగు పాయింట్ ఎంతో, అయిదు పాయింట్ ఎంతో. కొలత చూడకుండానే ఎన్ని అంకెలో నాకు తెలిసిపోతోంది. ఇది రహస్యం బయటపెట్టడం కిందికొస్తుందేమో, ఎర్మెక్‌కి చెప్పను.

జూన్ 24, సోమవారం

26. సరిగ్గా 26. అంకెకి ఎంత కావాలో అంతే ఉంచి ఆపింది. జాగ్రత్త మనిషి. అయితే ఈ పనంతా దేనికో నాకు అంతుబట్టలేదు.

జూన్ 25

26.

జూన్ 27

26. ఇక కదలట్లేదు. నేనే పనీపాటా లేక దీని వెంట పడుతున్నానేమో.

ఈ గేజీల విషయంలో నేను చేసిన, నాకే నచ్చిన పని ఒకటుంది, రాసుకుంటా. ఏడో గేజీని ముప్పై నాలుగేళ్లు చూసుకున్న ముసలాయన కసిమాలి. ఎండైనా మంచైనా రోజూ గట్టు దాకా నడిచి చూసొచ్చేవాడు. పోయిన చలికాలం చచ్చిపోయాడు. ఏప్రిల్‌లో ప్రోగ్రామ్ నేర్పడానికి పోస్టుకి వెళ్లినప్పుడు, ఆయన భార్య బురుల్ అమ్మ బోర్సోక్ అనే పిండి ముక్కలు వేయించి పెట్టింది, అక్మూర్ టీ పోసింది. తింటూ తింటూ నాకు బుద్ధి పుట్టింది. అమ్మా, ఏడో కాలమ్‌కి నంబరెందుకు, ఆయన పేరే పెట్టేస్తా అన్నాను. అక్కడికక్కడే టైప్ చేశా, కసిమాలి అని, కాలమ్ వెడల్పు చేసి. ముసలావిడ మొహం గోడ వైపు తిప్పుకుంది. అక్మూర్ నా గిన్నెలో టీ అంచుదాకా పోసింది. మా దగ్గర గిన్నె నిండా పోస్తే ఇక లే అని అర్థం. పిల్లకి మర్యాద తెలీదనుకున్నా. వాళ్లకి దుఃఖం వచ్చిందనుకున్నా.

తిరిగొచ్చి ఎర్మెక్‌కి చెబితే, అక్కా నీది బంగారం లాంటి మనసు అన్నాడు. పదేళ్లలో వాడు నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

జూలై 1

నలభై డిగ్రీలు. ట్రాలీబస్సులో ఒకామె కళ్లు తిరిగి పడిపోయింది. కొండల మీద కూడా మంచు బాగా కరుగుతోందని వార్తల్లో చెప్పారు. ఏడో కాలమ్ 26. కావలసింది 26.

జూలై 4, గురువారం, ఉదయం 9:10

కావలసింది 34. ఉన్నది 26.

రాస్తున్నా, రాస్తే గానీ నాకు బుర్ర పనిచెయ్యదు. నిన్న సాయంత్రం దాకా 26 చాలింది. ఇవాళ ఎనిమిదికి 34 కావాలంటోంది. ఎనిమిది పెరిగింది. ఎనిమిది అంటే ఒక అంకె. గడిలో ఒక అంకె ఎక్కువైంది. కాలమ్ వెడల్పు మాత్రం అంతే. ఎడమ పక్క అంకె తెగింది. నాలుగు పాయింట్ ఎంతో అనుకుని చదువుతున్నారు, అక్కడున్నది పద్నాలుగో, ఇరవై నాలుగో, తొంభై నాలుగో.

చుక్కలు ఉంటే తెలిసేది. ఎరుపు ఉంటే తెలిసేది. రెండూ తీసింది నేనే.

9:50

మెలిస్ అన్నకి ఫోన్. ఎనిమిదింటి కొలత చూసుకుని, 4.6 అమ్మా, నా చేతిరాతే అన్నాడు. కాదన్నా, ముందర ఇంకో అంకె ఉంది అన్నాను. నువ్వు చూశావా అన్నాడు. చూళ్లేదు. మరెలా తెలుసు? వెడల్పు చూశాను.  చెల్లెమ్మా, చెప్పుల జత చూసి మనిషి లోపల ఏం తింటున్నాడో చెప్పేట్టున్నావే అన్నాడు.

నవ్వులాట కాదని అరిచాను. పోయినేడు ఒట్టి పుణ్యానికి సైరన్ మోగింపజేస్తే ఓ ముసలాయన పరిగెత్తబోయి తుంటి విరగ్గొట్టుకున్నాడనీ, తనకి మందలింపు కాగితం వచ్చిందనీ, కొలత లేకుండా సైరన్ అడగనే అడగననీ అన్నాడు. సాయంత్రం అయిదుకి రేడియోలో నేనే స్వయంగా కూచుని చదివిస్తా, రేపు పొద్దున్నే జీపు కూడా పంపుతా, ఊరుకో అన్నాడు. అంతకుముందు పిలవకూడదా అంటే, వేళకి తప్ప వాళ్లు రేడియో పెట్టరు, బ్యాటరీ దండగ అని.

ఎర్మెక్ నీళ్లిచ్చాడు. అక్కా, మనకి డేటా తెలిసినట్టు ఎక్కడా రాయకు అన్నాడు. రాస్తున్నాను.

2:00

34. 34. 34. గంటగంటకీ అదే.

5:40

మెలిస్ అన్న ఇప్పుడే చెప్పాడు. ఉన్నదున్నట్టు.

ఏడోది చదవమన్నాడట. పెద్దాయనది నాలుగు పాయింట్ ఎనిమిది అందట అక్మూర్. ఆ పిల్ల ఎప్పుడూ అంతే, పెద్దాయనది అంటుంది, ఇన్నాళ్లూ నేను పట్టించుకోలేదు అన్నాడు. ఇవాళ మాత్రం నా మాట వల్ల ఆయనకీ అనుమానం వచ్చింది. పెద్దాయనదేమిటి, ఇది ఆటనుకున్నావా, కాలమ్ పైన రాసున్న పేరు పూర్తిగా చదువు, తర్వాత దాన్ని వెడల్పు చేసి అంకె చదువు అని గద్దించాడట. బెల్లం కొట్టిన రాయిలా ఊరుకుందట. చదవవేం, నోరు పడిపోయిందా అని మళ్లీ అరిచాడట. వెనక ముసలావిడ దగ్గినట్టు వినబడిందట. అంతే, రేడియో కట్టేసింది.

ఫోన్ పెట్టేశాక నాకు వెలిగింది.

మా దగ్గర కోడలు మామగారి పేరు పలకదు. చచ్చిపోయినా పలకదు. చదవదు, రాయదు, ఎదురుగా రాసుంటే కన్నెత్తి చూడదు. అత్తగారు పక్కనే కూచుని ఉండగా, ఆ పేరు రోజూ ఆ పిల్ల మొహం ముందు తెర మీద పెద్దక్షరాలతో. పెట్టింది ఎవరు? బంగారం లాంటి మనసున్న నేను. మంచికి పోతే చెడు ఎదురైందని ఊరికే అన్లేదు. దాన్ని పిల్ల చెరపలేదు, చెరిపితే మామగారిని చెరిపినట్టు. ఒక్కసారిగా మూసెయ్యలేదు, మూస్తే చచ్చినాయన మొహం మీద గుడ్డ కప్పినట్టు. అందుకని రోజుకో అక్షరం లెక్కన మెల్లిగా లోపలికి తోసేసింది. అంకెకి కావలసినంత చోటు మాత్రం ఉంచింది. దానిది తప్పని ఎవరైనా అంటే వాళ్ల నోరు నొక్కుతా.

నాకు తెలియాల్సింది. అందరికంటే నాకు తెలియాల్సింది. పదహారేళ్ల కిందట నేనూ కోడలినే. జనాభా లెక్కల వాడు గుమ్మంలో నిలబడి ఇంటాయన పేరు అడిగితే, ఇంట్లో మరెవరూ లేరనుకుని మా మామ పేరు చెప్పేశా. వెనక గదిలోంచి మా అత్త వింది. మూడు నెలలు నా చేతి నీళ్లు తాగలేదు. నాలుగో నెలలో సూట్‌కేసు సర్దుకుని వచ్చేశా. అప్పటి నుంచి ఆ ఆచారాలంటే నాకు అరికాలి మంట, అందుకే వాటిని బుర్రలోంచి ఊడ్చేశాను. ఊడ్చేస్తే ఇలా ఉంటుంది.

ఆ బురుల్ ముసల్దాన్ని తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. ఒక్క దగ్గు దగ్గి పిల్ల నోరు మూయించింది.

6:15

పేరు తీసేశా. ఏడో కాలమ్ పేరు ఇప్పుడు 7. వెడల్పు 96. కనీస వెడల్పు మళ్లీ పెట్టాను, యాభై, ఎవరు లాగినా అంతకంటే తగ్గదు. చుక్కలు లేకపోయినా పరవాలేదు. ఇదంతా రేపు ఎనిమిదికి అంటుకుంటుంది. అప్పటిదాకా ఆ గట్టు ఆగితే.

జీపుని ఇప్పుడే పంపమని మెలిస్ అన్నని బతిమాలాను. ఆ దారిలో పొద్దువాలాక జీపు పోదమ్మా, పోయినా నీ గట్టుకంటే ముందు అదే వాగులో పడుతుంది అన్నాడు. ఆయన గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. తెల్లారగానే వచ్చి రేడియో దగ్గర కూచుంటా, నువ్వు ఫోన్‌లో ఉండు అన్నాడు.

జూలై 5, శుక్రవారం, ఉదయం 7:50

ఆఫీసు. ఎర్మెక్ నాకంటే ముందే వచ్చాడు. పల్లీలు లేవు. మెలిస్ అన్న ఫోన్‌లో ఉన్నాడు, ఆయన ఊపిరి వినబడుతోంది.

8:01

ప్యాకెట్. ఏడో కాలమ్ 96.

కావలసింది 42.

ఇంకో ఎనిమిది. ఇప్పుడు చుక్కకి ముందు మూడు అంకెలు. వందలు.

8:40

అయింది. వరసగా రాస్తా.

42 అనగానే మెలిస్ అన్న రేడియో పట్టుకున్నాడు. నాకు ఫోన్‌లో అంతా వినబడింది, గరగరమంటూ. అక్మూర్ మామూలుగానే మొదలుపెట్టింది, ఒకటి ఇంత, రెండు ఇంత. ఏడు దగ్గర ఆగింది. ఏడో నంబరు, అంది. ఆ మాట అనేటప్పుడు గొంతులో ఊరట తెలిసింది, పేరు పోయింది కదా. తర్వాత, నూట పన్నెండు పాయింట్ నాలుగు అంది. అని, అన్నా ఇది నిన్నటి నుంచీ ఇలాగే ఉందా అని అడిగింది.

సైరన్ మీట ఈయన చేతిలో లేదు. ప్రాంతీయ ఆఫీసుకి రేడియో కలిపితే వాళ్లు మోగిస్తారు. అక్కడి ఆఫీసరు అదంతా వింటూనే ఉన్నాడు. ఏడో నంబరంటే మా జాబితాలో లేదు, దాని చోట ఓ పేరుంది, పరిశీలకురాలి నోటితో గేజీ పేరు, కొలత, గంట చెప్పించండి, రికార్డు అవుతోంది అన్నాడు. నా పేరు అక్కడిదాకా పోయింది, నేను పెట్టిన పేరు, స్టాంపులన్నీ పడి. కాగితంలో ఉంది కాబట్టి అదే గేజీ.

మెలిస్ అన్న వాళ్లతో పోట్లాడాడు. ఒరే నేను చెబుతున్నా కదరా, అది కసిమాలి గేజీ అన్నాడు. నీ నోటితో కుదరదు, పోస్టు నుంచి రావాలి అన్నాడు వాడు. ఇంక ఈయన పిల్ల మీద పడ్డాడు. చెప్పు తల్లీ, ఒక్కసారి చెప్పు, నూట నలభై ఇళ్లమ్మా. అక్మూర్ ఏడుస్తోంది. పెద్దాయన గేజీ, పెద్దాయన గేజీ అంటోంది. నేను ఫోన్‌లోంచి అరుస్తున్నా, ఎవరికి వినబడుతుంది.

అప్పుడు ఇంకో గొంతు వచ్చింది. ముసలి గొంతు, మైకుకి మరీ దగ్గరగా.

కసిమాలి, అంది. కసిమాలి గేజీ. నూట పన్నెండు పాయింట్ నాలుగు. ఎనిమిది గంటల పదకొండు నిమిషాలు. చెబుతున్నది బురుల్, ఆయన భార్యని. ఇంకోసారి కావాలా నాయనా?

ఆమె తరం ఆడవాళ్లు మొగుడి పేరు కూడా పలకరు. యాభై ఏళ్ల కాపురం. ఆ రేడియో కనుమ అవతల గొర్రెల కాపర్లందరూ వింటారు, కొడుకుతో సహా.

ఇంకోసారి అక్కర్లేదన్నాడు వాడు. సైరన్ మోగింది. మెలిస్ అన్న ఫోన్ బల్ల మీద పెట్టి ఎటో పోయాడు.

నిన్న ఆమెని ముసల్దని రాశాను. కొట్టెయ్యను, అలాగే ఉండనిస్తా, నాకు సిగ్గుండాలి.

10:15

సారిబెల్ ఖాళీ అయింది. పిల్లలూ పరుపులూ ఆవులూ అన్నీ కొండ వాలు మీదే ఉన్నాయని మెలిస్ అన్న చెప్పాడు. తలలు లెక్కపెట్టారట, ఎవరూ తక్కువ కాలేదట. పోస్టు గురించి బెంగలేదు, అది వాగుకి చాలా పైన, గుట్ట మీదుంది అన్నాడు. ఇద్దరూ అక్కడే ఉండి గంటగంటకీ కొలత చదువుతున్నారు.

ఎర్మెక్ నా భుజం మీద చెయ్యేశాడు. మంచిపని చేశాడు.

11:01

కావలసింది 6.

ఆరంటే ఒట్టి అంచులు. గడిలో ఏమీ లేదు. గేజీ మూగబోయింది.

11:02

గేజీ మూగబోతే తెర మీద ఓ పెట్టె వస్తుంది. నేనే రాశాను, జిల్లా నిబంధనల పుస్తకంలోంచి ఎత్తి, పొల్లు పోకుండా. గేజీ నుంచి కొలత రావడం లేదు, పరిశీలకులు స్వయంగా గట్టు దగ్గరికి వెళ్లి చూసి రావాలి. కింద ఒకటే బటన్. సరే అని.

ప్యాకెట్‌లో వచ్చింది. సరే నొక్కారు. 11:02.

వద్దని చెప్పడానికి నాకు దారి లేదు. కాలమ్ పేరు మార్చి, వెళ్లకు అని రాశా. అది రేపు ఎనిమిదికి అంటుకుంటుంది.

11:05

మెలిస్ అన్న రేడియోలో పిలుస్తున్నాడు. బురుల్ అమ్మ పలికింది. కోడలు బయటికి వెళ్లింది నాయనా, పెద్దాయన రోజూ వెళ్లేవాడు కదా, గంటలో వచ్చేస్తుంది అందట. వెనక్కి పిలవమ్మా అన్నాడట. పిలవడానికి ముసలావిడ తలుపు దాకా వెళ్లిన చప్పుడు వినబడిందట.

12:30

గట్టు పోయింది. పదకొండూ నలభైకట. వంతెన పోయింది, కింద అరవై ఇళ్లు పోయాయి. కొండ మీద వాళ్లంతా బతికే ఉన్నారు. మెలిస్ అన్న ఏడుస్తూ నవ్వుతూ చెప్పాడు.

పోస్టు రేడియో పలకడం లేదు. స్తంభం పడిపోయి ఉంటుంది, గుట్టకేం కాలేదు, నా మాట నమ్ము అన్నాడు. దారి లేదు, హెలికాప్టర్ రేపటికి గానీ రాదు. ఎర్మెక్ అందరికీ ఫోన్లు చేసి చెబుతున్నాడు, మా ప్రోగ్రామ్ నూట నలభై ఇళ్లని కాపాడింది అని.

జూలై 6, శనివారం

ప్యాకెట్లు వస్తూనే ఉన్నాయి. శాటిలైట్ డబ్బా బాగానే ఉంది, బ్యాటరీ కూడా.

ఏడో కాలమ్. 96. 97. 96. 97. 98. 97.

ఎవరో అలవాటు లేని చేత్తో దాన్ని పట్టుకుని ఉన్నారు. అక్మూర్ లాగితే పదీ పదకొండూ కదులుతుంది, ఒక్క పిక్సెల్ ఎప్పుడూ కదపలేదు.

ఆ ఇంట్లో మౌస్ పట్టడం నేను నేర్పింది అక్మూర్ ఒక్కదానికే.